గాసునూనె వాసన వేసే పుస్తకాలు

మా బాపు కాజీపేటలో గూడ్సు బండ్ల గార్డుగా పనిచేసేవాడు. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరికీ ఉన్నట్టే ఆయనకూ ఒక లైను పెట్టె ఉండేది. నల్లరంగు వేసిన బరువైన పెట్టె అది. మూతమీద తెల్లని అక్షరాలతో ఆయన పేరు, దాని కింద కాజీపేట అని ఊరి పేరు రాసి ఉండేవి. అందులో ఎర్రజెండా, పచ్చజెండా, గాసునూనెతో వెలిగే చేతి సిగ్నలు దీపం, హెచ్చరికగా పేలేందుకు పట్టాలమీద పెట్టే డిటొనేటర్ల డబ్బా, రూల్సు పుస్తకం, ఒక జత బట్టలు, టిఫిను గిన్నె ఉండేవి. వాటన్నిటికీ అడుగున, పాత తువ్వాలలో చుట్టి, మాకోసం తెచ్చిన పుస్తకం ఉండేది. మా ఇంటికి వచ్చిన పిల్లల పుస్తకాలు దాదాపు అన్నీ ఆ పెట్టెలోనే ప్రయాణం చేసి వచ్చాయి కనుక, ప్రతిదానికీ గాసునూనె వాసన ఉండేది. ఒకటి రెండింటి అట్టమీద దీపం అడుగుభాగం గుండ్రంగా ముద్రపడి, ఎంత తుడిచినా పోని మరకగా మిగిలిపోయింది. ఈనాటికీ ఆ వాసన ఎక్కడైనా తగిలితే నాకు ముందుగా కథలు గుర్తుకొస్తాయి.

నేను చెబుతున్నది 1980ల నాటి సంగతి. రైల్వే కాలనీలో మాది చిన్న క్వార్టరు. అక్క, నేను, తమ్ముడు, అమ్మ, నాయినమ్మ, డ్యూటీ లేనప్పుడు బాపు. కాజీపేట నుంచి బండ్లు మూడు దిక్కులకు పోతాయి. బాపు కూడా అలాగే ఒకసారి సికింద్రాబాదు వైపు, ఒకసారి విజయవాడ వైపు, ఒకసారి రామగుండం, మంచిర్యాల మీదుగా బల్లార్షా వైపు పోయేవాడు. గూడ్సు బండికి వేళాపాళా ఉండదు. బొగ్గు బండి ఏ చిన్న స్టేషన్లోనైనా లూపులో పడితే, మెయిళ్ళూ ఎక్స్‌ప్రెస్సులూ దాటిపోయేదాకా గంటల తరబడి అక్కడే నిలబడాలి. అందుచేత ఆయన ఎప్పుడు వస్తాడో మాకు తెలిసేది కాదు, ఎప్పుడు పోతాడో మాత్రం రెండు గంటల ముందు తెలిసేది. కాల్ బాయ్ సైకిలు మీద వచ్చి, తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకొని పోయేవాడు. ఆ రెండు గంటల్లో అమ్మ అన్నం వండి గిన్నె కట్టేది.

ఇంట్లో అందరం కూర్చొని పుస్తకం చదువుకునే అలవాటు ఎప్పుడు మొదలయిందో నాకు తెలియదు, నాకు ఊహ తెలిసేటప్పటికే అది ఉంది. రాత్రి బువ్వలు తిన్నాక ముందరి అర్రలో నులకమంచం వాల్చేవారు. నాయినమ్మ మంచంమీద, మేము కింద చాపమీద, అమ్మ గోడకు ఆనుకొని కూర్చునేది. కరెంటు పోయిన రాత్రుల్లో అక్క కందిలి పట్టుకొనేది. అది మాకోసం జరుగుతున్న చదువు అనే నేను చాలాకాలం అనుకున్నాను. నిజానికి అమ్మ చదివేది నాయినమ్మ కోసం. నాయినమ్మకు అక్షరం రాదు. ఆమె భర్త, మా తాత, నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు; ఆయనకు ఉర్దూ చదవడం, రాయడం వచ్చు గాని తెలుగు అక్షరాలు రావు. ఆ రోజుల్లో బడీ కచేరీ అన్నీ ఉర్దూలోనే నడిచేవి. అలా మా ఇంట్లో తెలుగు పుస్తకం చేతపట్టి చదివిన మొదటి మనిషి, ఏడో తరగతి వరకు చదువుకొని కోడలిగా వచ్చిన మా అమ్మ.

హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. బాపు ఒకసారి మమ్మల్ని బస్సులో తీసుకుపోయి దాన్ని చూపించి, తెలుగు చదవడానికి చోటులేని రోజుల్లో కొందరు పెద్దమనుషులు కలిసి కట్టుకున్న ఇల్లు ఇది అని చెప్పాడు. అప్పటికి నాకు ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. తాత సంగతి తెలిశాక అర్థమయింది.

అమ్మ చదివే పద్ధతిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను ఇదంతా రాయడానికి కారణం అదే. పుస్తకంలో, ఒక గ్రామంలో ఒక వర్తకుడు ఉండేవాడు, అతను ఒకరోజు సంతకు వెళ్ళాడు అని ఉంటే, అమ్మ నోట అది ‘ఒక ఊర్ల ఒక శావుకారి ఉండెనట, ఆయిన ఒకనాడు అంగడికి పోయెనట’ అని వచ్చేది. గది అర్ర అయ్యేది, చీపురు పొరక అయ్యేది, గుమ్మం కడప అయ్యేది, గోంగూర పుంటికూర అయ్యేది, చెరువుగట్టు చెరువుకట్ట అయ్యేది. ఆమె ఎక్కడా ఆగేది కాదు, తడుముకొనేది కాదు. కళ్ళు ఒక తెలుగును చూస్తుంటే నోరు ఇంకొక తెలుగును పలికేది. నాయినమ్మ ప్రతి వాక్యానికీ ఊఁ కొట్టేది. ఆ ఊఁ ఆగిందంటే ఏదో ఒక మాట ఆమెకు అందలేదని అర్థం. అమ్మ వెంటనే వెనక్కి పోయి ఆ మాటను మార్చి చెప్పేది.

ఈ సంగతి మొదట పట్టుకున్నది అక్క. అప్పుడే కూడబలుక్కొని చదవడం నేర్చిన అక్క, కందిలి పట్టుకొని అమ్మ భుజం మీదుగా పుస్తకంలోకి తొంగిచూసి, ‘అమ్మా, ఇండ్ల వర్తకుడు అని ఉన్నది, నువ్వేమో శావుకారి అంటున్నవ్’ అన్నది. తప్పు పట్టుకున్నానన్న సంతోషం ఆ గొంతులో వినబడింది. అమ్మ తల ఎత్తకుండానే, ‘పుస్తకం ఆళ్ళ తీరుగ రాసుకున్నది బిడ్డా, నేను మన తీరుగ చదువుతున్న’ అని చెప్పి ముందుకు సాగింది. కాళోజీ బడిపలుకుల భాషకూ పలుకుబడుల భాషకూ మధ్య ఉన్న తేడాను జీవితమంతా చెప్పాడు. ఆయన హనుమకొండలోనే ఉండేవాడు. మా అమ్మ ఆయన మాటలు విన్నదో లేదో నేనెప్పుడూ అడగలేదు గాని, ఆ తేడా ఆమెకు బాగా తెలుసు, అంతేకాదు, ఆ రెండింటి మధ్య రాకపోకలు ఎలా సాగించాలో కూడా తెలుసు.

అన్నిటికంటే ఎక్కువగా చదివింది చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక మా ఇంటికి నెలనెలా వచ్చేది. దాని తెలుగు నిండుగా, తేటగా ఉండేది. కొడవటిగంటి కుటుంబరావు ఎన్నో ఏళ్ళు కూర్చొని దిద్దిన తెలుగు అని తరువాత తెలిసింది. పాత సంచికలు కొన్ని మా మేనమామ బైండు చేయించి ఇచ్చాడు. వాటిలోనే దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు చదువుకున్నాం. వాటికి రచయిత పేరు ఉండేది కాదు. అంత భయంకరమైన లోయలను, కోటలను, మాంత్రికులను పుట్టించిన మనిషి పేరు తెలియకుండానే మా చిన్నతనం గడిచిపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

చందమామ వచ్చిన రోజున ముందుగా తెరిచేది బేతాళ కథ. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. శంకర్ వేసిన ఆ బొమ్మను తమ్ముడు కళ్ళు మూసుకొని, వేళ్ళ సందులోంచి చూసేవాడు. కథ చివర బేతాళుడు ప్రశ్న అడుగుతాడు గదా, అక్కడ అమ్మ వేలు పెట్టి పుస్తకం మూసేది. అప్పుడు ఒక్కొక్కరం జవాబు చెప్పాలి. తమ్ముడితో మొదలుపెట్టి వయసు ప్రకారం పోయి చివరకు నాయినమ్మ దగ్గర ఆగేది. అందరం చెప్పాకే విక్రమార్కుడి జవాబు. నాయినమ్మ జవాబు రాజు జవాబుతో కలవడం చాలా అరుదు, కాని కలవనప్పుడు తగ్గేది రాజే అని మాకు అనిపించేది.

ఒక్కటి చెబుతాను. బాపు విజయవాడ నుంచి తెచ్చిన బేతాళ కథల పుస్తకంలోని పాత కథ అది. ఒక స్త్రీ భర్త, ఆమె అన్న, ఇద్దరూ దేవి గుడిలో తలలు నరుక్కొని చనిపోతారు. దేవి కరుణించి, తలలు మొండేలకు అతికిస్తే బతుకుతారని చెబుతుంది. ఆ తొందరలో ఆమె ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెడుతుంది. ఇద్దరూ లేచి నిలబడతారు. ఇప్పుడు ఆమెకు భర్త ఎవరు, తల ఉన్నవాడా, మొండెం ఉన్నవాడా? మేము ముగ్గురం తల అన్నాం. తల లేకుండా మనిషి ఏమిటని అక్క గట్టిగా వాదించింది. నాయినమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన రెండు చేతులూ ముందుకు చాచి చూసుకుంటూ, ‘తలకాయ ముచ్చట జెప్తది. కష్టంజేసి బువ్వ వెట్టేది చేతులు. బిడ్డెను ఎత్తుకునేది చేతులు. నేనైతే చేతులున్నోన్నే మొగడంట’ అంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని, నాట్లు వేసి, కలుపు తీసి కొడుకును పెంచిన చేతులు అవి. అమ్మ పుస్తకం తెరిచి, ‘అత్తమ్మా, రాజు తలకాయే అన్నడు’ అని మెల్లగా చెప్పింది. ‘రాజాయె, ఆయినకు చేతులతోటి పనేంది’ అంది నాయినమ్మ.

విక్రమార్కుడు నోరు తెరవగానే బేతాళుడు శవంతో సహా మాయమై మళ్ళీ చెట్టెక్కడం ప్రతి నెలా చదివేదే. కథ మధ్యలో కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టినప్పుడు బాపు మాట్లాడకుండా లేచి, సంతకం పెట్టి, బట్టలు వెతుక్కొనేవాడు. ‘అగో, బేతాళుడు చెట్టెక్కిండు’ అనేది నాయినమ్మ. ఆ మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది. బాపు ఇంట్లో లేడు అనడానికి బదులు చెట్టుమీద ఉన్నాడు అనేవాళ్ళం. చుట్టుపక్కల వాళ్ళు మొదట్లో వింతగా చూసేవారు.

చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు ఇచ్చేవారు, రెండూ ఒకదానితో ఒకటి జోడు కుదిరేలా చిన్న చిన్న వ్యాఖ్యలు రాసి కార్డుమీద పంపాలి. పదిహేను పైసల కార్డుకు మాకు లోటు ఉండేది కాదు. ప్రతి నెలా తలా ఒకటి ఆలోచించేవాళ్ళం. ఒక నెల ఒక ఫోటోలో బావిలోంచి నీళ్ళు తోడుతున్న ఆడమనిషి, రెండో దాంట్లో తొట్టి దగ్గర నీళ్ళు తాగుతున్న పశువులు. మేము పెన్నులు కొరుకుతూ కూర్చుంటే, పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతున్న నాయినమ్మ తల ఎత్తి, ‘తోడెటిది ఒక్కతె, తాగెటియి ఎన్నో’ అంది. అందరం ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాం. అంతకంటే మంచి జోడు ఎవరికీ తట్టలేదు.

అప్పుడు నేనూ అక్కా కలిసి ఒక పని చేశాం. ఆ మాటను ఉన్నదున్నట్టు రాసి పంపితే మద్రాసులో వాళ్ళకు అర్థం కాదనీ, పత్రికలో అలా అచ్చువేయరనీ నిర్ణయించి, దాన్ని దిద్దాం. ‘తోడేది ఒకరు, త్రాగేది అనేకులు’ అని గుండ్రని అక్షరాలతో రాసి పంపాం. రెండు నెలలు ఎదురుచూశాం. బహుమతి వేరెవరికో వచ్చింది. బహుమతి రాకపోవడం పెద్ద విషయం కాదు. అమ్మ ప్రతి రాత్రీ పుస్తకాన్ని మా ఇంటి భాషలోకి తెస్తుంటే, మేము మా ఇంటి భాషను పుస్తకంలోకి పంపడానికి సిగ్గుపడ్డాం. ‘ఎన్నో’ అన్న చోట ‘అనేకులు’ అని పెట్టినప్పుడు ఆ వాక్యంలోంచి బావి, తొట్టి, పశువుల ఊపిరి అన్నీ పోయాయి. ఆ కార్డు ఇప్పుడు నా చేతిలో ఉంటే ఆమె మాటనే రాసి పంపి ఉండేదాన్ని. తరువాత నేను తెలుగు పంతులమ్మనయ్యాను. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో పిల్లలు వ్యాసాల్లో పోయిండు, వచ్చిండు అని రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసేదాన్ని. ఒకరోజు ఒక అమ్మాయి నోటుపుస్తకంలో అలాంటి వాక్యం కొట్టివేస్తూ ఈ కార్డు గుర్తుకొచ్చి చెయ్యి ఆగింది. ఆ తరువాత ఎప్పుడూ కొట్టివేయలేదు.

బాపు చదివితే వేరేగా ఉండేది. ఆయనకు మార్చి చదవడం రాదు. అచ్చులో ఏది ఉంటే అది, టైంటేబులు చదివినట్టు, కామాల దగ్గర సరిగ్గా ఆగుతూ చదివేవాడు. రూల్సు పుస్తకంలో ఒక్క మాట తప్పు చదివితే బండి ప్రమాదంలో పడే ఉద్యోగం గదా, ఆ భయభక్తులు కథల పుస్తకం మీద కూడా ఉండేవి. నాయినమ్మకు అర్థం కాకపోయినా కొడుకు చదువుతున్నాడని ఊఁ కొడుతూనే ఉండేది.

ఆయన తెచ్చిన వాటిలో నాకు ప్రాణమైనవి సోవియట్ పుస్తకాలు. విజయవాడలో రైలు సిబ్బంది పడుకునే రన్నింగ్ రూములో నిద్రపోయి లేచాక, తిరుగు బండికి ఇంకా వేళ ఉంటే, ఏలూరు రోడ్డులోని విశాలాంధ్ర పుస్తకాల దుకాణానికి నడిచిపోయేవాడు. అక్కడ ఆ పుస్తకాలు చాలా చవకగా దొరికేవి. మందమైన కాగితం, రంగురంగుల బొమ్మలు, లోపల అచ్చమైన తెలుగు. రాదుగ ప్రచురణాలయం, మాస్కో అని చూసి, మాస్కోలో తెలుగు అక్షరాలు ఎవరు పేర్చారని మేము ఆశ్చర్యపోయేవాళ్ళం. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి వాళ్ళు అంతదూరం పోయి, అక్కడే ఉండి అనువాదాలు చేశారని పెద్దయ్యాక తెలిసింది. చలిదేశంలో కూర్చొని మన పిల్లలకోసం తెలుగు రాసిన వాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

అందులో ‘నాన్నారి చిన్నతనం’ మా ఇంట్లో ఒక మార్పు తెచ్చింది. రచయిత అలెగ్జాండర్ రాస్కిన్. జబ్బుపడిన తన కూతురికి, నేను చిన్నప్పుడు ఇలా చేశాను, అలా చేశాను అని చెప్పిన కథలు అవి. మొదటి కథలోనే ఆ నాన్న చిన్నపిల్లవాడై, తనకు కొనిచ్చిన కొత్త బంతిని కారు కిందికి విసురుతాడు. బాపు దాన్ని తన పద్ధతిలో పొల్లుపోకుండా చదివి పుస్తకం కింద పెట్టగానే, తమ్ముడు ‘బాపూ, నువ్వేం జేసినవ్’ అని అడిగాడు. బాపు మామూలుగా తన గురించి ఏమీ చెప్పడు. ఆ రోజు కొంచెంసేపు ఊరుకొని, చిన్నప్పుడు పట్టాలమీద పైస బిళ్ళ పెట్టి, బండి పోయాక అది రేకులా పలుచనైతే ఏరుకొని దాచుకున్న సంగతి చెప్పాడు. ‘ఏ పైస? గూట్లె వెట్టిన పైసనా? నేను ఇల్లంత దేవులాడితి గదరా!’ అని మంచంమీంచి నాయినమ్మ లేచి కూర్చుంది. ఎన్నో ఏళ్ళ కిందట పోయిన పైస ఆ రాత్రి దొరికింది. ఆ తరువాత ఆ పుస్తకంలో ఒక కథ అయితే, బాపు చిన్నతనంలోంచి ఒక కథ చెప్పాలని మేము నియమం పెట్టాం. ఆయన చెప్పిన కథలన్నీ చిన్నవే, కాని మాకు ఆయన తెలిసింది ఆ కథల వల్లనే.

ఇంకొకటి చుక్, గెక్ అనే అన్నదమ్ముల కథ. అర్కాది గైదార్ రాసింది. తండ్రి దూరంగా సైబీరియా అడవుల్లో పనిమీద ఉంటాడు. అతను రమ్మంటే తల్లి ఇద్దరు పిల్లలను తీసుకొని రైలులో బయలుదేరుతుంది. అంతకుముందే ఒక టెలిగ్రాము వస్తుంది, ఇప్పుడే రావద్దని. అన్నదమ్ములిద్దరూ కొట్లాడుకొని, ఆ టెలిగ్రాము ఉన్న డబ్బాను కిటికీలోంచి మంచులోకి పారేసుకుంటారు. అమ్మ అడిగితే చెబుదాం, అడగకపోతే మనంతట మనం చెప్పొద్దు అని ఒప్పందం చేసుకుంటారు. నాయినమ్మకు వాళ్ళు చుక్కయ్య, గెక్కయ్య. మంచు కురవడమంటే ఏమిటని ఆమె అడిగితే, అమ్మ ‘ఎనుమాముల మార్కెట్ల పత్తి బస్తాలు ఇప్పి గాలికి వదిలిపెట్టినట్టు’ అని చెప్పింది. అంతకంటే మంచి అనువాదం నేను చూడలేదు.

ఆ కథ మొదటిసారి చదివింది దసరా సెలవుల్లో. పండుగ నాడు కూడా బాపు చెట్టుమీదే ఉన్నాడు; రెండు రోజుల కింద బల్లార్షా పోయినవాడు ఇంకా తిరిగిరాలేదు. తల్లీపిల్లలు రోజులతరబడి ప్రయాణం చేసి, అడవిలో ఆ ఇంటికి చేరి చూస్తే తండ్రి లేడు, కావలివాడు తప్ప ఎవరూ లేరు. ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు అమ్మ గొంతు మారింది. అప్పటిదాకా మన తీరుగా సాగిన చదువు ఆగి, ఆ పేజీ అంతా ఆమె అచ్చులో ఉన్నది ఉన్నట్టే, ఒక్కొక్క మాట, బాపు చదివినట్టు చదివింది. మార్చలేదు. నాయినమ్మ కూడా అర్థం అడగలేదు, ఊఁ మాత్రం కొట్టింది. బయట యార్డులో షంటింగు చప్పుడు వినబడుతూ ఉండింది.

ఆ పుస్తకం తరువాత పోయింది. తమ్ముడు దాన్ని బడికి తీసుకుపోయి స్నేహితుడికి ఇచ్చాడు, ఆ పిల్లవాడి తండ్రికి బదిలీ అయి వాళ్ళు ఊరు విడిచిపోయారు. మేము ముగ్గురం పెరట్లో కూర్చొని ఆలోచించి, చుక్, గెక్ చేసిన నిర్ణయమే తీసుకున్నాం. బాపు అడిగితే చెబుదాం, అడగకపోతే లేదు. ఆయన చాలా ఏళ్ళు అడగలేదు. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయి ఆ పుస్తకాలు రావడం ఆగిపోయిన తరువాత, ఒక సాయంత్రం ఆయన పుస్తకాలన్నీ ముందేసుకొని దుమ్ము దులుపుతూ, ‘ఆ అన్నదమ్ములది ఏదిరా’ అని అడిగాడు. అప్పటికి కాలేజీకి పోతున్న తమ్ముడు లేచి నిలబడి, జరిగినదంతా చెప్పాడు. బాపు ఏమీ అనలేదు. మిగిలిన వాటికి పాత క్యాలెండరు కాగితాలతో అట్టలు వేయడం మొదలుపెట్టాడు. ఈమధ్య మంచి పుస్తకం వంటి ప్రచురణకర్తలు ఆనాటి సోవియట్ పిల్లల పుస్తకాలను కొన్నింటిని మళ్ళీ అచ్చువేస్తున్నారు. చూసినప్పుడల్లా కొంటాను. కాగితం తెల్లగా ఉంటుంది, కొత్త అచ్చు వాసన వస్తుంది.

బుడుగు గురించి చెప్పకపోతే అక్క ఊరుకోదు. ముళ్ళపూడి వెంకటరమణ రాసి, చిత్రకారుడు బాపు బొమ్మలు వేసిన ఆ పుస్తకాన్ని అమ్మ మా తీరుగా మార్చడానికి ప్రయత్నించి ఓడిపోయింది. ఆ పిల్లవాడి మాటను మారిస్తే పిల్లవాడే మిగలడు. సీగాన పెసూనాంబ అనే పేరును అక్క మనసులో పదిసార్లు చదువుకొని కూడా పోల్చుకోలేకపోయింది, అమ్మ ఒక్కసారి పైకి చదవగానే జ్ఞాన ప్రసూనాంబ బయటికి వచ్చింది. బొమ్మలు వేసిన ఆయన పేరు కూడా బాపు కావడం వల్ల, మా బాపు డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు బొమ్మలు వేస్తాడని తమ్ముడు కొంతకాలం నమ్మాడు.

నాయినమ్మ 1994లో పోయింది. అక్క పెళ్ళయి పోయింది, నేనూ పోయాను, తమ్ముడు ఉద్యోగానికి వేరే ఊరు పోయాడు. బాపు 2003లో రిటైరయ్యాడు. లైను పెట్టెను అప్పగించి వచ్చిన మరునాడే వరంగల్లు పోయి ఒక రేకుపెట్టె కొన్నాడు. దానికి తానే నల్లరంగు వేసి, ఆరాక, సన్నని కుంచెతో తెల్లని అక్షరాలు రాశాడు. తన పేరు రాయలేదు. మూతమీద నాయినమ్మ పేరు, కింద కాజీపేట. చందమామలు, బేతాళుడు, నాన్నారి చిన్నతనం, బుడుగు, అన్నిటినీ అందులో సర్దాడు. ఆమెకు చదవడం రాదు గదా అని నేను అన్నాను. ‘ఇయన్ని చదివింది అమ్మకే గద’ అన్నాడు.

ఇప్పుడు బాపు లేడు. అమ్మ హనుమకొండలో నా దగ్గరే ఉంటున్నది. కళ్ళకు ఆపరేషను అయింది గాని, చిన్న అక్షరాలు పట్టుకోలేకపోతున్నది. రాత్రి భోజనాలయ్యాక నేను ఆ రేకుపెట్టె తెరిచి ఒక పుస్తకం తీసి చదువుతాను. మొదటి రోజు ఒక పేజీ చదివేసరికి అమ్మ, ‘మీ బాపు చదివినట్టే చదువుతున్నవ్. మన తీరుగ చదువు’ అంది. అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు తరగతి గదిలో పుస్తకాల తెలుగు పలికి పలికి, కళ్ళు చూసినదాన్ని నోరు వెంటనే మార్చలేకపోతున్నది. ఒక్కొక్క మాట దగ్గర ఆగిపోతున్నాను. నిన్న రాత్రి చందమామ పాత సంచికలో ఒక కథ మొదలుపెట్టాను. ఒక ఊర్ల ఒక శావుకారి ఉండెనట, ఆయిన ఒకనాడు, అని వచ్చి, ముందున్న మాట దగ్గర తడబడ్డాను.

‘అంగడికి’ అని అందించి, అమ్మ ఊఁ కొట్టింది.